మంచుగుంటలో అరుంధతి

ఎంట్రీ 212. సోమవారం, మధ్యాహ్నం.
గేటు రబ్బరు: చూశాను. బాగుంది.
బయటికి తీసుకెళ్ళిన వస్తువు: చిన్న దుర్భిణి ఒకటి.
కారణం: చుక్కల ఫోటోలు.

గేటు పుస్తకంలో కారణం కోసం ఇచ్చిన గడి నా బొటనవేలంత ఉంది. నా సంగతి అందులో పట్టదు. అందుకని కింద ఖాళీలో రాస్తున్నాను. గేటు సూపర్వైజరు సింహాద్రి గారు కోప్పడితే పడనీ, చదివేది ఆయనొక్కరే కదా.

నేను భ్రమరాంబని. ఆకుల తోటలో పని. మంచుగుంటలో ఉన్న నూట ఎనభై మందికీ దీపాల కింద గోంగూర, తోటకూర పెంచి పెట్టేది నేనే. క్రితం నెల భూమికి తిరిగి వెళ్ళిపోయిన ఇంజనీరు ఒకాయన, సామాను బరువు ఎక్కువైందని ఈ దుర్భిణి నాకు ఇచ్చేశాడు. నా మోచెయ్యంత పొడుగు, ముందు గుప్పెడంత అద్దం, వెనక కెమెరా, కింద మూడు కాళ్ళు. చంక కింద పెట్టుకుని నడిచిపోవచ్చు. మా ఆయన తాతారావు పంపుల మెకానిక్కు. ఆయన దీన్ని గొట్టం అంటారు. పంపుల మనిషికి అన్నీ గొట్టాలే.

చంద్రుడి దక్షిణపు కొసన ఉన్నందుకు మాకు దక్కిన సుఖం ఒక్కటే. ఆకాశం మిట్ట మధ్యాహ్నం కూడా నల్లగానే ఉంటుంది. సూర్యుడు కొండల అంచునే తిరుగుతుంటాడు కాబట్టి ఒక బండ నీడలో కూర్చుంటే చాలు, చుక్కలే చుక్కలు. పైగా ఇక్కడ ఆకాశం ఎంత నెమ్మదిగా తిరుగుతుందంటే, కెమెరా రెండు నిమిషాలు తెరిచి ఉంచినా చుక్క గీతలా సాగిపోదు. సూటు చేతితొడుగులతో ఫోకస్ మర తిప్పడం నా వల్ల కాలేదు. దానికి ఒక అట్లకాడ పిడి కట్టాను. ఇప్పుడు చక్కగా తిరుగుతోంది.

ఇవాళ నలభై ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే నలభైకి నలభై నల్లగా ఉన్నాయి. మూత తియ్యలేదు.

"ఇంత చీకట్లో కూర్చుని, మూత కూడా పెట్టి, ఇంకాస్త చీకటి తీశావన్నమాట," అన్నారు మా ఆయన. రేపు ఆయన కంచంలో గోంగూర ఉండదు.

*(అనవసర విషయాలు రాయరాదు. సింహాద్రి)*

ఎంట్రీ 215. బుధవారం, మధ్యాహ్నం.
గేటు రబ్బరు: చూశాను. బాగుంది.
వస్తువు: దుర్భిణి. మూత తీశాను.

సింహాద్రి గారూ, ఇది అవసరమైన విషయమే. మా వకుళ పెళ్ళి గురించి.

వకుళ మా అన్నయ్య కోటిలింగం కూతురు. తల్లి చిన్నప్పుడే పోయింది. అన్నయ్య ఆరేళ్ళ క్రితం ఈ మూడో గేటు దగ్గరే పోయాడు. ఆ రోజు పుస్తకంలో 'గేటు రబ్బరు: చూశాను' అని ఉంది, కింద సంతకం ఉంది. సంతకం పెట్టినాయన చూడలేదు. లోపలి గాలి బయటికి పోకుండా ఆపే ఆ రబ్బరు చీలి ఉంది. అప్పటి నుంచి వకుళ మా ఇంట్లోనే పెరిగింది. పెద్దయ్యాక ఏరికోరి తనిఖీ పనిలో చేరింది. మంచు గనిలో పగుళ్ళు, అతుకులు, రబ్బర్లు కళ్ళతో చూసి సంతకం పెట్టడం దాని పని. చూడనిది చూశానని చచ్చినా రాయదు.

పెళ్ళికొడుకు మురహరి. మంచు నింపిన కార్గో బండిని చంద్రుడి నడుమున ఉన్న నడిమి స్టేషనుకి ఎగరేసుకుపోయి, ఖాళీ బండితో తిరిగొస్తాడు. మంచివాడు. ప్రతి మాటకీ ముందు 'ఆయ్' అంటాడు. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం ముహూర్తం.

తగాదా ఎక్కడ వచ్చిందంటే, పెళ్ళి చేయించేది మురహరి పెదనాన్న గౌరీపతి గారు. ఆయన ఉద్యోగం నీళ్ళ పరీక్షలు, పౌరోహిత్యం సెలవు రోజుల్లో. ఇక్కడ జరిగిన తొమ్మిది పెళ్ళిళ్ళూ ఆయన చేతి మీదుగానే జరిగాయి. హాలు అద్దంలోంచి, సిగ్నల్ స్తంభానికి ఎడమ పక్కన, అరుంధతీ నక్షత్రం చూపిస్తారు. కనిపించిందా అని మూడుసార్లు అడుగుతారు. కనిపించిందని చెప్పాలి. అప్పుడే అక్షింతలు.

"నేను అద్దంలోంచి చూశాను అత్తా. నాకేమీ కనిపించలేదు. కనిపించకుండా కనిపించిందని చెప్పను," అంది వకుళ.

"అందరూ చెప్పినట్టే చెప్పవే. పెళ్ళిలో ఒక మాట."

"నాన్నగారి గేటు దగ్గర కూడా ఒక మాటే కదా."

గౌరీపతి గారేమో చుక్క చూడని పెళ్ళి పెళ్ళే కాదు, అక్షింతలు వెయ్యనివ్వను అంటున్నారు. మురహరి ఇద్దరి మధ్యా నిలబడి ఆయ్, ఆయ్ అంటున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "నా దుర్భిణిలో చూపిస్తాను. తెర మీద పెళ్ళిపందిరంత పెద్దగా చూపిస్తాను. అప్పుడు కళ్ళతో చూసే చెప్పు," అనేశాను.

వకుళ నన్ను వాటేసుకుంది. "నువ్వు చూపిస్తే నమ్ముతాను అత్తా," అంది.

*(విషయం అవసరమైనదే. కానీ క్లుప్తంగా రాయవలెను. సింహాద్రి)*

ఎంట్రీ 218. శుక్రవారం, మధ్యాహ్నం.
గేటు రబ్బరు: చూశాను. బాగుంది.
వస్తువు: దుర్భిణి, అట్లకాడ పిడి.

క్లుప్తంగా: దొరకలేదు.

కాస్త వివరంగా: దుర్భిణికి ఒక చిన్న రిమోట్ ఉంది. చుక్క పేరు చెబితే అదే తిరిగి చూపిస్తుంది. అరుంధతి అన్నాను. 'దిగంతం కింద ఉంది' అంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే మాట. ఆపి, ఆన్ చేసి, కాళ్ళు సర్ది, ఊరి పేరు కొత్తగా ఎక్కించి అడిగాను. 'దిగంతం కింద ఉంది.' తొమ్మిది పెళ్ళిళ్ళలో పద్దెనిమిది మంది స్తంభం పక్కన చూసిన చుక్క, దిగంతం కింద ఎలా ఉంటుంది. ఇంజనీరు పాడైపోయిన సరుకు అంటగట్టి పోయాడనుకుని పాపం అతన్ని తిట్టుకున్నాను.

రిమోట్ పక్కన పడేసి, స్తంభానికి ఎడమ పక్క ఆకాశాన్ని నేనే ముప్పై ఫోటోలు తీశాను. రేపు వాటినన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే ఫోటో చేస్తే మసక చుక్కలు కూడా పైకి తేలతాయి.

మా ఆయన మాత్రం ఈ రెండు రోజులుగా నన్ను గొట్టం అని వెక్కిరించడం లేదు. చెప్పకుండానే గిన్నెలు కడుగుతున్నారు. ఒంట్లో బాగాలేదేమో.

ఎంట్రీ 223. బుధవారం, మధ్యాహ్నం.
గేటు రబ్బరు: చూశాను. బాగుంది.
వస్తువు: దుర్భిణి.

ఇవాళ కూడా స్తంభానికి ఎడమ పక్కే ముప్పై ఫోటోలు తీసి, పేర్చి, శుక్రవారం ఫోటో పక్కన పెట్టాను. రెండింటిలో ఒక్క చుక్క కూడా కలవలేదు. అప్పటికి నా బుర్ర వెలిగింది. మన ఆకాశం నెలకో చుట్టు తిరుగుతుంది. స్తంభం మాత్రం పాతిన చోటే ఉంది. అంటే తొమ్మిది పెళ్ళిళ్ళలో స్తంభం పక్కన తొమ్మిది రకాల చుక్కలు ఉండి ఉండాలి.

పోనీ అసలుది ఎప్పుడు వస్తుందా అని రిమోట్‌లో నెలంతా తిప్పి చూశాను. రాదు. సప్తర్షులు ఉత్తరాన ఉండేవాళ్ళు. చంద్రుడి దక్షిణపు కొసన కూర్చున్న మనకి ఈ నెల కాదు, ఏ నెలా కనిపించరు. రిమోట్ మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది. నేనే దాన్ని నమ్మక, పెళ్ళిళ్ళని నమ్మాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన పప్పు కలుపుతున్నవారు ఆపేశారు.

"ఒక సంగతి చెప్తాను, గరిటె కింద పెట్టు," అన్నారు.

పెట్టాను.

"మన పెళ్ళి ఇక్కడ మొదటి పెళ్ళి కదా. గౌరీపతి గారు నా చెవిలో, నాయనా చుక్క ఎక్కడుందో చూపించు అన్నారు. వంద మంది చూస్తున్నారు. తెలీదంటే బాగోదని స్తంభం పక్కకి వేలు పెట్టాను. నువ్వు వెంటనే కనిపించింది అన్నావు. సరే ఉందన్నమాట అనుకున్నాను. ఆయన అదే గుర్తు పెట్టుకున్నారు."

"పదకొండేళ్ళూ నాకు చెప్పలేదు."

"నువ్వు కనిపించిందన్నావు కదే. నీకేం కనిపించింది మరి?"

నాకేం కనిపించింది. సీరియల్ బల్బుల వెలుగుకి అద్దంలో నా బాసికమే కనిపించింది. ఆయన వేలు అంత ధీమాగా పెట్టారు కదా, నాకే ఆనడం లేదనుకుని కనిపించిందన్నాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు. గరిటె తీసుకున్నాను.

ఎంట్రీ 224. గురువారం, మధ్యాహ్నం.
గేటు రబ్బరు: ~~చూశాను. బాగుంది.~~

ఈ కొట్టివేత గురించి రాయాలి. సింహాద్రి గారూ, ఇది మాత్రం నిదానంగా చదవండి.

నిన్న భోజనాలయ్యాక మా ఆయన అన్నారు, "కంప్యూటర్లో అరుంధతి ఫోటోలు బోలెడుంటాయి. ఒకటి తీసి తెర మీద వేసెయ్. దుర్భిణికి తీగ తగిలించి ఉంటుంది, ఎవరికి తెలుస్తుంది? పిల్ల చూస్తుంది, నిజంగానే చూశానంటుంది, పెళ్ళయిపోతుంది." దుర్మార్గపు ఆలోచనే, కానీ నాకు నచ్చింది. పొద్దున్నంతా కూర్చుని ఒక మంచి ఫోటో వెతికాను. మరీ మంచిగా ఉంటే అనుమానం వస్తుందని కాస్త మసక చేశాను. నా దుర్భిణి తీసినట్టే ఉండాలని ఒక మూల దుమ్ము మరక కూడా పెట్టాను. ఇంత శ్రద్ధగా నేను దేవుడి పటం కూడా తుడవలేదు.

దుర్భిణిని స్తంభం వైపు ఒకసారి సరిచూసుకుందామని గేటు దగ్గరికి వచ్చాను. మనసంతా ఆ దుమ్ము మరక మీదే ఉంది. పుస్తకం తెరిచి, గేటు రబ్బరు చూశాను బాగుంది అని రాసి, సంతకం పెట్టి, తలుపు పిడి మీద చెయ్యి వేశాను. అప్పుడు తెలిసింది, రబ్బరు వైపు నేను చూడనే లేదని.

కింద కూర్చుండిపోయాను. అన్నయ్యకి ఈ పని చేసిన మనిషిని ఆరేళ్ళుగా తిడుతున్నాను. ఆయన రాక్షసుడనుకున్నాను. ఆయన కూడా ఇలాగే దేని గురించో ఆలోచిస్తూ రాసి ఉంటాడు.

లేచి, మాట కొట్టేసి, దీపం పట్టుకుని చుట్టూ రెండుసార్లు చూశాను. గేటు రబ్బరు: చూశాను. బాగుంది. బయటికి వెళ్ళలేదు. ఇంటికెళ్ళి ఆ ఫోటో తీసేశాను.

*(చదివాను. కొట్టివేత సరిగానే ఉంది. సింహాద్రి)*

ఎంట్రీ 226. శుక్రవారం, మధ్యాహ్నం.
గేటు రబ్బరు: చూశాను. బాగుంది.
వస్తువు: ఏమీ లేదు. ఒక్కదాన్నే కాసేపు బండ నీడలో కూర్చోవాలని.

వకుళకి అంతా చెప్పేశాను. ఇక్కడ అరుంధతి కనిపించదు, నేను చూపించలేను, నీ మావయ్య వేలు తప్పు, నా మాట తప్పు అని. అది తిడుతుందనుకున్నాను. ముందు నవ్వింది, మావయ్య వేలు గురించి. తర్వాత ఏడ్చింది.

"అయితే నేను లేదనే చెప్తాను. మురహరి పెదనాన్నగారు అక్షింతలు ఆపేస్తే ఆపేస్తారు. నాకు వాడు కావాలి అత్తా. కానీ ఆ మాట నా నోట రాదు."

గౌరీపతి గారికి ముందే చెప్పేద్దామని నీళ్ళ పరీక్షల గదికి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, తొమ్మిది జంటలూ ఎంత బాగున్నారో, అంతా ఆ చుక్క చలవేనని, మొదట చూసినదాన్ని నేనేనని మురిసిపోతూ చెప్పారు. ఊళ్ళో అందరినీ దులిపేసే భ్రమరాంబ, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, నీళ్ళు బాగున్నాయండి అని చెప్పి వచ్చేసింది.

ఎంట్రీ 229. ఆదివారం, సాయంత్రం.
గేటు రబ్బరు: చూశాను. బాగుంది.
వస్తువు: ఏమీ లేదు. బయటికి వెళ్ళడం లేదు. రాయడానికే వచ్చాను.

మంగళసూత్రం పడింది. తలంబ్రాలయ్యాయి. హాలు నిండా సీరియల్ బల్బులు, నూట ఎనభై మంది. గౌరీపతి గారు ఇద్దరినీ అద్దం దగ్గరికి తీసుకెళ్ళి స్తంభం వైపు చెయ్యి చూపించారు. మురహరి అటు వేలు పెట్టాడు కానీ ఆ వేలు వంకరగానే ఉంది. వాడికి వకుళ ముందే చెప్పేసింది.

"అరుంధతి కనిపించిందా అమ్మా?"

వకుళ అద్దానికి రెండు చేతులూ అడ్డం పెట్టి, మొహం ఆనించి చూసింది. గనిలో పగులు వెతికినట్టే చూసింది. చాలాసేపు చూసింది.

"లేదండి," అంది.

హాల్లో సన్నాయి రికార్డు ఒక్కటే మోగుతోంది.

"సరిగ్గా చూడు తల్లీ. స్తంభానికి ఎడమ పక్క."

"చూశానండి. బల్బులు కనిపిస్తున్నాయి. వెనక మీరు కనిపిస్తున్నారు. చుక్క కనిపించడం లేదు."

గౌరీపతి గారు అక్షింతల పళ్ళెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. ఆయన మూడోసారి అడగబోతున్నారు. మూడోసారి కూడా లేదంటే అక్కడితో ఆగిపోతుంది. వకుళ పెదవి కొరుక్కుంటూ నా వైపు చూసింది. మా అన్నయ్య కూడా భయం వేస్తే అలాగే చూసేవాడు.

నేను లేచాను. "నాకూ కనిపించలేదండి," అన్నాను. "పదకొండేళ్ళ క్రితం నా పెళ్ళిలో. అబద్ధం చెప్పాను."

మా ఆయన నా పక్కనే లేచారు. చెవులు ఎర్రగా అయిపోయాయి. "చూపించినవాణ్ణి నేను. నాకూ తెలీదండి. ఊరికే పెట్టాను వేలు."

ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు, "మాకూ లేదండి." ఎవరా అని చూస్తే సింహాద్రి గారు. ఊరందరి చేతా చూశాను, చూశాను అని రాయించే సింహాద్రి గారు. ఐదో పెళ్ళి ఆయనదే. పక్కన ఆయన భార్య, "నాకు ట్యూబులైటు కనిపించిందండి, అదే అనుకున్నాను," అంది. ఆపైన ఒక్కొక్కరే లేచారు. మాకూ లేదు. మాకూ లేదండి. తొమ్మిది జంటలూ నిలబడ్డాయి.

గౌరీపతి గారు అందరినీ కలయజూసి, పళ్ళెం కింద పెట్టి, కండువాతో మొహం తుడుచుకున్నారు.

"నాకు దూరపు చూపు ఎప్పుడో పోయింది," అన్నారు. "చుక్క సంగతి దేవుడెరుగు, ఆ స్తంభమే నాకు ఆనదు. మీరంతా కనిపించింది కనిపించింది అంటుంటే, పోనీలే, పిల్లలకైనా కనిపిస్తోంది కదా అని సంతోషించాను."

నవ్వు ఆపుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆయన కూడా నవ్వారు. నవ్వుతుండగానే ఆయన కళ్ళు తడయ్యాయి. దుర్భిణి చెప్పిన సంగతి అప్పుడు నేను ఆయనకి వివరంగా చెప్పాను. ఉత్తరానికి, కనీసం నడిమి స్టేషను దాకా వెళ్తే సప్తర్షులు కనిపిస్తారని కూడా చెప్పాను.

"ఏరా, నెలకి రెండుసార్లు అక్కడికి వెళ్తావు, ఎప్పుడూ చూడలేదా?" అని అడిగారు మురహరిని.

"ఆయ్, పైకి చూస్తే బండి దింపేదెవరండి?"

గౌరీపతి గారు వకుళ తల మీద చెయ్యి పెట్టారు. "చుక్క చూపించడం పెళ్ళికొడుకు పని. ఇక్కడ లేకపోతే ఉన్నచోటికి తీసుకెళ్ళి చూపిస్తాడు. కనిపించిందని నువ్వు అక్కణ్ణించి కబురు పెట్టు. నీ మాట మీద అక్షింతలు ఇప్పుడే వేస్తాను. లేదన్న నోటితో నువ్వు ఉందంటే అది ఉన్నట్టే."

అక్షింతలు పడ్డాయి. ఇక్కడి బరువుకి అక్షింతలు మెల్లగా పడతాయి. వకుళ ఏడుస్తూ నవ్వుతూ ఉంటే, చాలాసేపు దాని మీద పడుతూనే ఉన్నాయి. అన్నయ్య ఉంటే బాగుండును.

ఎంట్రీ 233. గురువారం, మధ్యాహ్నం.
గేటు రబ్బరు: చూశాను. బాగుంది.
బయటికి వెళ్ళిన వస్తువు: దుర్భిణి, రిమోట్, అట్లకాడ పిడి.
తిరిగి వచ్చు తేదీ: కార్గో బండి వచ్చినప్పుడు.

కార్గో బండిలో ఇద్దరు మనుషులకి సామాను నాలుగు కిలోలే. ఊళ్ళో పెద్ద దుర్భిణి ఉన్నా లాభం లేకపోయేది. నా చిన్నది వకుళ చీరల మధ్యలో పట్టేసింది. మూత తియ్యమని నాలుగుసార్లు చెప్పాను. మా ఆయన ఐదోసారి చెప్పారు.

ఎంట్రీ 241. శుక్రవారం, మధ్యాహ్నం.
గేటు రబ్బరు: చూశాను. బాగుంది.
వస్తువు: దుర్భిణి ఇంకా రాలేదు. ఫోటో వచ్చింది.

అరవై ఫోటోలు పేర్చి చేసిన ఒక్క ఫోటో. ఫోకస్ కొంచెం తప్పింది, మొదటిసారి కదా. నల్లటి ఆకాశంలో ఒక పెద్ద చుక్క, కాస్త ఎడంగా చిన్న చుక్క. పెద్దది వశిష్ఠుడు, చిన్నది అరుంధతి. మా వంటింటి తెర మీద వేసుకుని ఇద్దరం చూశాం. పప్పు మాడింది.

"పెద్దాయన్ని ఆనుకుని ఇంకో బుల్లి చుక్క ఉందేంటే?" అన్నారు మా ఆయన తెరకి ముక్కు ఆనించి.

ఉంది. రిమోట్ పుస్తకంలో కూడా రాసి ఉంది, వశిష్ఠుడు ఒక్కడు కాదు, అతుక్కుని రెండు చుక్కలట. "మీరు అడక్కండి, అరుంధతి కూడా అడగలేదు," అన్నాను.

ఫోటోతో పాటు వకుళ తనిఖీ కాగితం పంపింది. గనిలో వాడే కాగితమే.

*తనిఖీ చేసిన వస్తువు: అరుంధతి.*
*ఉన్న చోటు: వశిష్ఠుడి పక్కన.*
*స్థితి: బాగుంది.*
*చూశాను. వకుళ.*
*ఆయ్, చూశాను. మురహరి.*

దాన్ని గౌరీపతి గారికి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. ఇప్పుడు హాలు గోడ మీద, అద్దం పక్కన అంటించారు.

మిగిలిన తొమ్మిది జంటలకీ కార్గో బండిలో వంతులు వేశాం. సింహాద్రి గారు తన పేరు మొదట రాసుకున్నారు. మా ఆయన వేలు చేసిన పనికి మా పేరు ఆఖరున రాశాను. ఆయన గొట్టం ఎలా తిప్పాలో నేర్పమన్నారు. వేలు పెట్టడం తన పని కదా, ఈసారి చుక్క ఉన్న చోటే పెడతానన్నారు.

ఆ తనిఖీ కాగితంలో కింద ఇంకో గీత ఖాళీగా ఉంది. దుర్భిణి నాది కాబట్టి నన్నూ సంతకం పెట్టమన్నారు అందరూ. కలం తీసుకుని మళ్ళీ పెట్టేశాను. నేను చూసింది ఫోటో.

గేటు రబ్బరు: చూశాను.
అరుంధతి: ఇంకా చూడలేదు.